తీగ చూశావా?

ఆ వేసవి మొత్తంలో మా ఊరి చుట్టూ ఉన్న తీగ తెగింది ఒక్కసారే. తెగినట్టు నేను తప్ప ఎవరూ చూడలేదనుకున్నాను. అలా అనుకోవడం దగ్గరే నా పని చెడింది.

తీగంటే కరెంటు తీగ కాదు. మా యూదుల విశ్రాంతి రోజు సబ్బాతు, శుక్రవారం పొద్దు వాలితే మొదలై శనివారం రాత్రికి ముగుస్తుంది. ఆ రోజున ఇంట్లోంచి వీధిలోకి ఏదీ మోసుకుపోకూడదు, చంకలో పసిపిల్లయినా సరే, జేబులో రుమాలయినా సరే. అందుకని ఊరి చుట్టూ స్తంభాలు పాతి, వాటి మీదుగా తీగ లాగుతారు. తీగ లోపల ఉన్నదంతా ఒకే ఇల్లు కింద లెక్క. ఇంట్లో ఈ గదిలోది ఆ గదిలోకి పట్టుకెళ్తే తప్పేముంది? ఎక్కడో ఒకచోట తీగ తెగిందా, ఆ ఇల్లు ఇల్లు కాకుండా పోతుంది, పిల్లల బళ్ళు గుమ్మాల్లోనే ఆగిపోతాయి. చిన్నప్పటినుంచీ ఇది వినీ వినీ నాకు విసుగు. పందొమ్మిదో ఏట ఇవన్నీ వదిలేశాను. సబ్బాతు నాడు బండి నడపడమూ నిషేధమే, నేను శనివారం పూట కారు తీసుకుని సముద్రానికి పోయే మనిషిని. ఊళ్ళో అందరికీ తెలుసు, నాన్నకీ తెలుసు. అయినా చివరికి ఆ తీగ వచ్చి నా మెడకే చుట్టుకుంది.

నాన్న పేరు ఎల్కానా. కాలేజీలో మతతత్వశాస్త్రం చెప్పి రిటైరయ్యాడు. బతుకంతా ఆయన నమిలింది ఒకే ప్రశ్న. జరగబోయేదంతా దేవుడికి ముందే తెలిసినప్పుడు మనిషి చేసిన పని మనిషిదెలా అవుతుంది? అది మనిషిది కాకపోతే తప్పు చేసినవాణ్ణి నిలదీసే హక్కు ఎవరికుంటుంది? శనివారం మధ్యాహ్నం మందిరం వెనక గదిలో ఐదారుగురు ముసలాళ్ళు చేరి దీని మీదే కొట్లాడుకునేవాళ్ళు. చలికాలంలో నాన్న మెట్ల మీద జారి తుంటి విరగ్గొట్టుకున్నాక చక్రాల కుర్చీ వచ్చింది. మామూలు రోజుల్లో వెనక వరండాలో కూర్చుని, రెండు చెంచాలు తిని గిన్నె పక్కకు నెట్టేసేవాడు. శనివారం వస్తే మాత్రం మొహంలో కళ వచ్చేది. ఆ గదికి పోవడం ఆగిపోతే మనిషి దక్కడని ఏ డాక్టరూ చెప్పలేదు గానీ నాకు తెలుసు. కుర్చీలో పోవాలంటే తీగ ఉండాలి.

మాది ముందు కొట్టు, వెనక ఇల్లు. నేను కర్టెన్లు కుడతాను. ఊరి చివర, వాగు మీదికి చూసే వీధి మాది. మిషను ముందున్న కిటికీలోంచి చూస్తే వాగు గట్టు మీద ఆఖరి స్తంభం ఎదురుగా కనిపిస్తుంది. తీగకి ఏ ముప్పు వచ్చినా అక్కడే రావాలి. షబ్తాయ్ అని మా ఊరి కమిటీ మనిషి ప్రతి గురువారం స్కూటర్ మీద ఊరంతా చుట్టి తీగ చూసుకుని, శుక్రవారం పొద్దున అందరి ఫోన్లకీ బాగుందని కబురు పెడతాడు. ఊరందరికీ అది చాలు. నిన్న బాగున్నది, బాగోలేదని తెలిసేదాకా ఇవాళా బాగున్నట్టే అని మా మత న్యాయం కూడా ఒప్పుకుంటుంది. నాన్నకి అది చాలదు. ఇంటికీ కొట్టుకీ మధ్య మెట్లున్నాయి, కుర్చీ దిగదు, వీధిలోకి పోయే గుమ్మం పక్కన వేరే ఉంది. అందుకని ప్రతి శుక్రవారం పొద్దు వాలేముందు మెట్ల దాకా వచ్చి కేకేసేవాడు.

"తిర్సా, తీగ చూశావా?"

"చూశాను నాన్నా. బాగానే ఉంది."

"సరే."

అంతే. మళ్ళీ అడిగేవాడు కాదు, అనుమానంగా చూసేవాడూ కాదు.

ఈ సంగతి మీద జెరహ్ బాబాయ్ ఆయన్ని ఎంత ఏడిపించేవాడో. జెరహ్ బాబాయ్ నాన్నకి కుర్రతనం నుంచీ స్నేహితుడు, మా ఊరి పళ్ళ డాక్టరు. నాన్న నోట్లో పళ్ళన్నీ పీకింది ఆయనే. ఆ వేసవి మొదట్లో ఒక శనివారం నాన్నను ఆ గదిలో దింపి నేను గుమ్మంలో నిలబడి ఉన్నాను. బల్ల మీద పుచ్చకాయ ముక్కలు, ఉప్పు జున్ను. బాబాయ్ విత్తనాలు ఊస్తూ మొదలుపెట్టాడు. దేవుడికి నువ్విప్పుడు తుమ్ముతావని సృష్టి మొదట్లోనే తెలుసు, మరి తుమ్మకుండా ఉండటం నీ చేతిలో ఉందా అన్నాడు. తెలియడం వేరు, తొయ్యడం వేరు అన్నాడు నాన్న. మా తిర్సా పప్పుచారులో ఉప్పు ఎక్కువేస్తుందని నాకు తెలుసు, అంతమాత్రాన దాని చెయ్యి పట్టుకుని నేను వేయిస్తున్నానా అన్నాడు. అందరూ నావైపు తిరిగి నవ్వారు. నీకు తెలిసింది తప్పు కావచ్చు, ఆయనకు తెలిసింది తప్పు కాలేదు కదా, అక్కడ చెప్పు అన్నాడు బాబాయ్. అక్కడికి వచ్చేసరికి నాన్న ప్రతిసారీ పుచ్చకాయ ముక్క తీసుకునేవాడు.

"సరే, అది వదిలెయ్. ఒరేయ్ ఎల్కానా, శనివారం కారు నడిపే పిల్ల మాట మీద నువ్వు సబ్బాతు నడుపుతున్నావు. ఏ సాక్ష్యం ఉందని నమ్ముతున్నావురా?" అన్నాడు బాబాయ్.

"సాక్ష్యం చూసుకుని నమ్మితే సాక్ష్యాన్ని నమ్మినట్టు. మనిషిని నమ్మినట్టు కాదు."

"న్యాయం ప్రకారం దీని మాట చెల్లదు, తెలుసా?"

"న్యాయాన్ని అడగలేదు. నా కూతుర్ని అడిగాను."

నేను అక్కడినుంచి వచ్చేశాను. ఆచారాలు వదిలేసినందుకు నాన్న నన్ను ఒక్కనాడూ తిట్టలేదు. తిట్టుంటే తేలిగ్గా ఉండేది. ఆ నమ్మకం మొయ్యడం కుర్చీ తొయ్యడం కన్నా కష్టంగా ఉండేది నాకు.

ఎండలు ముదిరాక జెరహ్ బాబాయ్ ఇల్లు ఖాళీ చేస్తున్నాడని తెలిసింది. భార్య పోయింది, కళ్ళు మందగించాయి, కొడుకు హైఫాలో తన దగ్గరికి తీసుకెళ్తున్నాడు. వెళ్ళేముందు ఒక్క శనివారం మిగిలింది. ఆ వారమంతా నాన్న వేరే మనిషి. పుస్తకాలు దింపమన్నాడు, ఎక్కించమన్నాడు. గిన్నె ఖాళీ చేసి ఇంకొంచెం వెయ్యమన్నాడు. ఈసారి వాడి ప్రశ్నకి జవాబు చెప్పే పంపిస్తానన్నాడు. దొరికిందా అని అడిగితే, దొరికేలా ఉంది అన్నాడు. పొద్దున్నే గొంతు సవరించుకుంటూ తనలో తనే వాదించుకోవడం వినిపిస్తుంటే, చలికాలం నుంచీ నా గుండె మీదున్న బరువు దిగినట్టయింది.

ఆ శుక్రవారం మధ్యాహ్నం ఒక పెళ్ళివారి కర్టెన్లు అంచులు కుడుతున్నాను. నోట్లో గుండుసూదులు. వాగు అవతలి పొలాలనుంచి గడ్డి మోపుల లారీ ఒకటి వచ్చింది, ఎత్తుగా, ఒక పక్కకి ఒరిగి. సబ్బాతు లోపల ఇల్లు చేరాలని డ్రైవరు తొందర కాబోలు. స్తంభం దగ్గర మలుపు తిరిగేటప్పుడు పైమోపు తీగకి తగిలింది. టప్పున చప్పుడయింది. లారీ ఆగలేదు. తీగ రెండు ముక్కలై, ఒక ముక్క స్తంభానికి వేలాడుతూ గాలికి అటూ ఇటూ ఊగింది.

వీధిలో పురుగు లేదు. అందరూ స్నానాల్లో, వంటల్లో ఉన్నారు. షబ్తాయ్ ఆ వారం సబ్బాతుకి బేర్షెబాలో చెల్లెలి ఇంటికి వెళ్ళాడు. అతను కాక ఆ స్తంభం ఎక్కి తీగ కట్టేవాడు ఊళ్ళో లేడు, అందులోనూ పొద్దు వాలిపోతోంది. మందిరం గురువు రబ్బీకి ఫోను చేస్తే మైకులో చెప్పిస్తాడు. ఊరంతా ఇళ్ళల్లో ఉండిపోతుంది. నాన్న వరండాలో ఉండిపోతాడు. జెరహ్ బాబాయ్ ఆ గదిలో కాసేపు కూర్చుని, వచ్చి గుమ్మంలో చెయ్యూపి, హైఫా వెళ్ళిపోతాడు.

మా న్యాయంలో ఒక నియమం ఉంది, నాన్న దగ్గర విన్నదే. తెలియక చేసిన తప్పు తెలిసి చేసిన తప్పంత కాదు, కాబట్టి చెప్పినా ఆగరనుకున్నవాళ్ళకి చెప్పకుండా వదిలెయ్యడమే మేలు. నేను అందులో సగమే తీసుకున్నాను. చెప్పకుండా వదిలెయ్యడం మేలు. చెప్పినా ఆగనివాళ్ళ కోసమే ఆ నియమమని, మా నాన్న చెబితే ఆగిపోయే మనిషని నాకు బాగా తెలుసు. తెలిసే పక్కన పెట్టాను.

"తిర్సా, తీగ చూశావా?"

మెట్ల పైన కుర్చీ వచ్చి ఆగింది. శుభ్రంగా గెడ్డం దువ్వుకుని, తెల్లచొక్కా వేసుకుని ఉన్నాడు. నా నోట్లో సూదులున్నాయి. తీసి మాట్లాడొచ్చు. తియ్యలేదు. ఊఁ అని తలాడించాను.

"సరే," అన్నాడు నాన్న.

తరవాత ఎన్నోసార్లు అనుకున్నాను, నేను నోటితో అబద్ధం చెప్పలేదు కదా, తలే కదా ఊపింది అని. మిషను మీద కూర్చుని నాకు నేనే వకీలునీ, జడ్జినీ అయ్యాను. కేసు మాత్రం ఒక్కసారీ గెలవలేదు.

మర్నాడు మధ్యాహ్నం కుర్చీ తోసుకుంటూ బయల్దేరాం. నాన్న ఒళ్ళో పుస్తకం, జేబులో రుమాలు, ఇంకో జేబులో జెరహ్ బాబాయ్‌కి ఇష్టమని వేయించిన పొద్దుతిరుగుడు గింజలు. తీగ లేని వీధిలోకి ఇవేవీ రాకూడదు. నేను లెక్కపెట్టుకుంటూనే తోశాను. పైదారిలో మెట్లున్నాయి, స్తంభం ముందునుంచే పోవాలి. నేను ఎడమ పక్కకి వచ్చి, ఒక చేత్తో తోస్తూ, నా ఒళ్ళు అడ్డంపెట్టి, పెళ్ళివారు గుడ్డ ఎలా బేరమాడారో చెప్పడం మొదలుపెట్టాను. అంత వాగుడు ఎప్పుడు వాగానో నాకే గుర్తులేదు. మలుపు దగ్గర నాన్న చెయ్యెత్తాడు.

"ఒక్క నిమిషం ఆపు."

ఆపాను. నాన్న ఎండకి కళ్ళు చికిలించుకుని కూర్చున్నాడు.

"ఏమైంది నాన్నా?"

"ఏం లేదు. పద," అన్నాడు.

ఆ రోజు గదిలో చోటు లేదు. పక్క వీధివాళ్ళు కూడా వచ్చారు. జెరహ్ బాబాయ్ గింజలు నములుతూ, ఇక చెప్పరా నీ జవాబు, హైఫాలో అరిగించుకుంటాను అన్నాడు. నాన్న పుస్తకం తెరవలేదు. తెచ్చిన జవాబు దార్లో పడిపోయిందిరా అన్నాడు. అందరూ నవ్వారు. ఆయన నవ్వలేదు.

"ఒకటి మాత్రం చెప్తాను జెరహ్. దేవుడికి ఎలా తెలుస్తుందో నాకు తెలీదు. కానీ ఆపగలిగి ఉండీ ఆపనప్పుడు మనిషి లోపల ఒకటి గుచ్చుకుంటుంది చూడు, అది చాలు. చేతులు కట్టేసినవాడికి అది గుచ్చుకోదు. నువ్వు స్వేచ్ఛగా ఉన్నావనడానికి ఇంకో రుజువు నాకు దొరకలేదు."

జెరహ్ బాబాయ్ లేచి నాన్న తల మీద ముద్దుపెట్టి, ఇన్నాళ్ళకి ఒక్క మాట సరిగ్గా చెప్పావు అన్నాడు. నేను గుమ్మంలోనే నిలబడి విన్నాను. నాన్న ఆ మాట నా కోసమే అన్నాడనుకున్నాను. ఆయనకు తెలిసిపోయిందనీ, నలుగురిలో నా పేరెత్తకుండా నాకు వడ్డించాడనీ అనుకున్నాను.

ఆదివారం షబ్తాయ్ ఊళ్ళోకి వస్తూనే తీగ చూసి, నిచ్చెన తెచ్చి కట్టేశాడు. కట్టి కొట్టులోకి వచ్చి మంచినీళ్ళు అడిగాడు. నీ కిటికీకి ఎదురుగానే కదా తిర్సా, చూడలేదా అన్నాడు. పనిలో ఉన్నాను, తలెత్తలేదు అన్నాను. లోపల కుర్చీ చక్రం కిర్రుమంది. ఆ తరవాతి శనివారం మందిరంలో రబ్బీ చెప్పాడట, తీగ ఎప్పుడు తెగిందో ఎవరికీ తెలియదు, తెలియనివాళ్ళ మీద తప్పు లేదు, మనసులో పెట్టుకోకండి అని. ఆ మాట నాన్న వినలేదు, ఎందుకంటే ఆ శనివారం ఆయన వెళ్ళలేదు.

దానికి ముందురోజు, శుక్రవారం, పొద్దు వాలుతోంది. నేను మిషను ఆపి చెవులు రిక్కించి కూర్చున్నాను. కేక రాలేదు. చివరికి నేనే మెట్ల దగ్గరికి వెళ్ళి, తీగ బాగుంది నాన్నా, షబ్తాయ్ గట్టిగా కట్టాడు అన్నాను. మంచిది అన్నాడు. మర్నాడు కుర్చీ తెస్తే, ఎండగా ఉందిలే, వద్దు అన్నాడు. పై వారం కూడా ఎండే. ఆ పై వారం ఒంట్లో బాలేదు. తరవాత నేను అడగడం మానేశాను.

రబ్బీ చిన్నవాడు, మంచివాడు. వచ్చి బతిమాలాడు, మీరు లేకపోతే ఆ గదిలో అందరూ నిద్రపోతున్నారు అన్నాడు. నాన్న ఆయనకి టీ ఇప్పించి, నా దగ్గర చెప్పడానికేమీ మిగల్లేదు అని పంపేశాడు. ముసలాళ్ళు మేమే మీ ఇంటికొస్తాం అంటే అదీ వద్దన్నాడు. మళ్ళీ రెండు చెంచాలు, పక్కకు నెట్టిన గిన్నె. చొక్కా మెడ దగ్గర వదులైపోయింది. ఆయన సంతోషం కోసమని నేను చేసిన పని ఆయనకున్న ఒక్క సంతోషాన్నీ తీసుకుపోయింది.

నాకు ఏడుపుతో పాటు కోపం కూడా వచ్చేది. ఇలా కూర్చోబెట్టి చంపే బదులు ఒక్కసారి తిట్టొచ్చు కదా. అబద్ధాలకోరువి, నా సబ్బాతు పాడుచేశావు అనొచ్చు కదా. గిన్నెలు గట్టిగా పెట్టేదాన్ని, తలుపులు విసిరేదాన్ని. ఆయన ఉలిక్కిపడి, క్షమాపణ అడుగుతున్నట్టు చూసేవాడు. ఆ చూపు నాకు అర్థం కాలేదు. సముద్రానికి పోవడం మానేశాను. శనివారాలు ఆయన ఎదురుగా ఊరికే కూర్చునేదాన్ని. భక్తితో కాదు, పోవడానికి మొహం చెల్లక.

ఎలూల్ నెల వచ్చింది. పొద్దున్నే మందిరంలో పొట్టేలు కొమ్ము ఊదుతుంటే మా వీధి దాకా వినిపించేది. తప్పులు తలుచుకోండి అని లేపే నెల అది. నేను తలుచుకోనిదెప్పుడు? ఒకరోజు జెరహ్ బాబాయ్ హైఫానుంచి ఫోను చేసి నన్ను పిలవమన్నాడు.

"అమ్మాయ్, వాడికేమైంది? ఏది అన్నా ఔనంటున్నాడు. ఎల్కానా నాతో ఔననడమేమిటి, చచ్చిపోతాడేమోనని భయంగా ఉంది."

నోటిదాకా వచ్చింది. బాబాయ్, నేను ఒక పని చేశాను అనబోయాను. ఎండలకి నీరసించాడు అన్నాను. ఎండలు అప్పటికి తగ్గిపోయాయి.

కొత్త సంవత్సరం పండగ నాడు తేనెలో ముంచిన ఆపిల్ ముక్క ఇంట్లోనే తిన్నాడు. ఇక మిగిలింది ప్రాయశ్చిత్త దినం, సబ్బాతు నియమాలన్నీ దానికీ ఉన్నాయి. దానికి ముందు మాలో ఒక ఆచారం ఉంది. దేవుడి పట్ల చేసిన తప్పులు ఉపవాసం ఉండి దేవుణ్ణి అడిగితే పోతాయి. మనిషి పట్ల చేసింది ఆ మనిషిని అడిగితే తప్ప పోదు, దేవుడు కూడా మధ్యలోకి రాడు. ఉపవాసం మొదలయ్యేలోపు జనం ఒకరి గుమ్మాలకొకరు వెళ్ళి అడుగుతారు. నాకు దేవుడి లెక్క తెలియదు గానీ ఈ ఆచారాన్ని మాత్రం ఎన్నడూ వెక్కిరించలేదు.

ఉపవాసం మొదలయ్యే రోజు మధ్యాహ్నం కోడి సూపు వండాను. ఉపవాసానికి ముందు తినే ఆఖరి భోజనం. ఉప్పు తక్కువే వేశాను. చెప్పాల్సిన మాటలు సూపు మరుగుతున్నంతసేపూ లోపల కూడబలుక్కున్నాను. నాన్నా, ఆ శుక్రవారం నేను చూశాను. లారీ తగలడం చూశాను, తీగ ఊగడం చూశాను, నువ్వడిగినప్పుడు తలాడించాను. ఇంతే. నాలుగు మాటలు. గిన్నె ఆయన ముందు పెట్టి కూర్చున్నాను. నోరు తెరిచాను.

"తిర్సా, ముందు నేను," అన్నాడు నాన్న. చెంచా పక్కన పెట్టాడు. "నిన్నొకటి అడగాలి. వేసవంతా అడగలేక చచ్చాను."

నేను నోరు మూసుకున్నాను.

"జెరహ్ చివరి శనివారం నేను తీగ చూశాను. మలుపులో. స్తంభానికి వేలాడుతోంది. నిన్ను ఆపమన్నాను చూడు, అప్పుడు."

ఆయన గిన్నె పక్కకు జరిపాడు.

"అక్కడినుంచి వెనక్కి తిప్పమనొచ్చు. కనీసం పుస్తకం కింద పెట్టెయ్యొచ్చు. పద అన్నాను. వెళ్ళాలనిపించింది, వెళ్ళాను. వెళ్తూ ఏమనుకున్నానో తెలుసా? నా కూతురు బాగుందని చెప్పింది, నేను దాని మాట మీద ఉన్నాను, కళ్ళు ముసలివి అనుకున్నాను. నీ మాట అడ్డం పెట్టుకున్నానమ్మా. మనిషి ఎప్పుడైనా ఆగగలడని జీవితమంతా పిల్లలకి చెప్పిన వాణ్ణి. చెప్పినా ఆగనివాళ్ళకి చెప్పొద్దనే నియమం ఉంది చూడు, అది ఎవరి గురించో అనుకునేవాణ్ణి. నా గురించే."

సూపు మీద పొర కడుతోంది. ఇన్ని వారాలు ఆయన వరండాలో కూర్చున్నది నా మీద అలిగి కాదు. తనకి తనే వేసుకున్న శిక్ష. గదిలో నలుగురి ముందు అన్న మాట నా కోసం కాదు. నేను తలుపులు విసిరినప్పుడల్లా తను చేసినదానికే కోపగించానని ఉలిక్కిపడ్డాడు.

"నన్ను క్షమించానని అను," అన్నాడు.

"క్షమించాను నాన్నా. దీనికి క్షమించేదేముంది, నేనే..."

"నీదేముందమ్మా ఇందులో? నువ్వు పొద్దున చూసుంటావు. అప్పుడు బాగానే ఉండుంటుంది. అవునా?"

జవాబు కూడా ఆయనే చేతికిచ్చి అడిగాడు. వేసవంతా ఆ నమ్మకానికి గీత పడలేదు. తన మీద తనకి పోయిన నమ్మకమంతా తెచ్చి నా మీద పెట్టుకుని బతికాడు. ఎదురుగా ఆయన మొహం చూస్తున్నాను. నిజం చెబితే ఆయన భారం సగం నా నెత్తికి వస్తుంది, కానీ కూతురు పోతుంది. చెప్పకపోతే కూతురు మిగులుతుంది, తప్పంతా తనొక్కడిదే అనుకుంటూ ఆ రాత్రి మందిరంలో గుండె బాదుకుంటాడు. ఎవరూ నన్ను తొయ్యలేదు. నోట్లో సూదులు కూడా లేవు.

"అవును నాన్నా. పొద్దున చూశాను," అన్నాను.

"అదే అనుకున్నాను," అని నాన్న చెంచా తీసుకున్నాడు. గిన్నె ఖాళీ చేశాడు. అడుగున మిగిలింది రొట్టెతో తుడుచుకు తిన్నాడు. మూతి తుడుచుకుని, తెల్ల చొక్కా తియ్యి అన్నాడు. నేను లేవబోతుంటే ఎన్నో వారాలుగా వినని కేక, ఈసారి ఎదురుగానే, నెమ్మదిగా వచ్చింది.

"తిర్సా, ఇవాళ తీగ చూశావా?"

చూడలేదు. పొద్దున్నుంచీ వంటింట్లోనే ఉన్నాను.

"చూసొస్తాను," అన్నాను.

"కిటికీలోంచి చూడు, చాలు."

"లేదు నాన్నా. చూసొస్తాను."

చెప్పులేసుకుని వీధిలో పడ్డాను. వాగు గట్టు స్తంభం దగ్గర మొదలుపెట్టి ఊరు మొత్తం చుట్టాను. ఒక్కో స్తంభం దగ్గర ఆగి, తలెత్తి, తీగ ఇటునుంచి అటు దాకా కళ్ళతో పట్టుకుని చూశాను. పెంకుల ఫ్యాక్టరీ వెనక ముళ్ళకంపలో దిగాను, కాళ్ళు గీరుకుపోయాయి. జనం తెల్లబట్టలు కట్టుకుని, ఆ రోజు తోలు తొడగరు గనక గుడ్డ బూట్లేసుకుని అప్పుడే బయటికి వస్తున్నారు. శనివారం కారు నడిపే తిర్సా తలెత్తుకుని స్తంభాలు చూసుకుంటూ పోతుంటే వింతగా చూశారు. షబ్తాయ్ ఎదురొచ్చి, నేను నిన్న చూశాను, ఇవాళ మళ్ళీ చూశాను, నీకేం పట్టింది అన్నాడు. నన్ను చూడనియ్యి అన్నాను. చూస్తున్నంతసేపూ లోపల ఒకటే అనుకున్నాను. ఇంటికెళ్ళగానే చెప్పేస్తాను. పొద్దున కాదు నాన్నా, మధ్యాహ్నం చూశాను, తెగాక చూశాను అని చెప్పేస్తాను. ఆయన భారం సగం తీసుకుంటాను. ఆఖరి స్తంభం దాటేసరికి ఆ మాట పెదాల మీదే ఉంది.

నాన్న తయారై గుమ్మంలో కుర్చీ వేసుకుని ఉన్నాడు. గెడ్డం దువ్వుకున్నాడు. ఒళ్ళో ప్రార్థన పుస్తకం, దాని మీద మడత పెట్టిన రుమాలు. వేసవి మొదట్లో ఉన్న కళ మొహంలో మళ్ళీ కనిపించింది. వగరుస్తూ వచ్చి ఎదురుగా నిలబడ్డాను.

"నాన్నా..."

ఆయన చెయ్యెత్తాడు.

"చెప్పక్కర్లేదు. నువ్వు చూసొచ్చావుగా, చాలు. ఇక నిన్ను ఎప్పుడూ అడగను," అన్నాడు.

ఉపవాసం మొదలవుతోందని సైరన్ మోగింది. నేను వెనక్కి వెళ్ళి కుర్చీ పట్టుకున్నాను. వీధంతా తెల్లగా జనం, అందరూ ఒకే వైపు. పక్కింటామె నాన్నకి శుభం చెప్పి, ఎన్నాళ్ళకి బయటికొచ్చారు అంది. నాన్న నవ్వి, మా అమ్మాయి తీసుకొస్తోంది అన్నాడు.

అన్న మాట ప్రకారం ఆయన మళ్ళీ ఎప్పుడూ అడగలేదు. పోయేదాకా ప్రతి శుక్రవారం నేను ఊరు చుట్టి వచ్చేదాన్ని, ఇప్పటికీ చుడుతున్నాను. ఆ సాయంత్రం మాత్రం మలుపు దగ్గరికి వచ్చేసరికి నా చేతులు వాటంతటవే కాస్త ఆగాయి. నాన్న తలెత్తి పైకి చూడలేదు. ఒళ్ళో రుమాలు సర్దుకుంటూ, ముందుకు చూస్తూ తీగ కిందనుంచి వెళ్ళిపోయాడు. నేను చూశాను. తీగ ఉంది.